ముందుచక్రం దాచిపెట్టిన తప్పులు

మండపేట చుట్టుపక్కల ఏ రైస్ మిల్లు దగ్గరైనా సరే, దాళ్వా కోతల రోజుల్లో ఒక అరగంట నిలబడి చూడండి. ధాన్యం బస్తాలతో వచ్చిన ట్రాక్టర్ ముందుకి నడిచినంతసేపూ ట్రాలీ దాని వెనకాలే బుద్ధిగా వచ్చేస్తుంది, డ్రైవర్ పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నా దానికేం ఫరవాలేదు. అదే ట్రాలీని దిగుమతి చేసే చోటికి రివర్స్‌లో పెట్టాల్సి వచ్చేసరికి అంతా మారిపోతుంది. ట్రాలీ మూతి రవ్వంత ఎడమకి మళ్ళిందా, ఇంక ఊరుకోదు, ట్రాక్టర్ నెట్టేకొద్దీ ఇంకాస్త మళ్ళుతుంది, చూస్తూండగానే రెండూ కత్తెరలా ముడుచుకుపోతాయి. కింద నిలబడ్డ పెద్ద డ్రైవర్ కొత్త కుర్రాడికి చెప్పేది ఎప్పుడూ ఒకటే: "ఒరేయ్, అది తిరిగిపోయాక తిప్పడం కాదురా, తిరగబోతుంటే తిప్పాలి. కొంచెమే తిప్పు, వెంటనే వదిలెయ్."

తోకచక్రం విమానానికి మారే పైలట్‌కి ఏ ఇన్‌స్ట్రక్టరైనా మొదట చెప్పాల్సింది సరిగ్గా ఈ మాటే.

సెస్నా 152, 172, డైమండ్ డిఎ40 లాంటి విమానాల్లో మూడు చక్రాలుంటాయి, రెండు పెద్దవి రెక్కల వరసలో, మూడోది ముక్కు కింద. ఇవాళ విమానం నేర్చుకునేవాళ్ళలో చాలామంది వీటి మీదే నేర్చుకుంటారు. తోకచక్రం విమానంలోనూ చక్రాలు మూడే, కానీ మూడోది తోక కింద చిన్నగా ఉంటుంది, నేలమీద ఉన్నప్పుడు విమానం ముక్కు ఆకాశంలోకి ఎత్తిపెట్టి కూర్చుంటుంది. పైపర్ కబ్, సిటాబ్రియా, సెస్నా 140 ఈ కోవలోవి. భీమవరం నుంచో అమలాపురం నుంచో వెళ్ళి బయటి దేశంలో లైసెన్స్ తెచ్చుకుని, ఒక వంద గంటలు ఎగిరాక, కబ్‌ని చూసి మనసు పారేసుకున్నవాళ్ళకి వచ్చే మొదటి సందేహం ఒకటే. చక్రం ముందునుంచి వెనక్కి మారితే అంత తేడా వస్తుందా? గాల్లో అయితే దాదాపు ఏ తేడా రాదు. నేలమీద మాత్రం అంతా తేడానే.

విమానం బరువంతా ఒక్క చోట ఉందనుకుంటే ఆ చోటుని గరిమనాభి అంటారు, స్కూల్లో చదువుకున్నదే. ముందుచక్రం విమానంలో అది రెండు పెద్ద చక్రాలకి కాస్త ముందుంటుంది. తోకచక్రం విమానంలో కాస్త వెనకుంటుంది. దూరం కొద్దిపాటిదే, కానీ మొత్తం వ్యవహారం అక్కడే ఉంది. దిగేటప్పుడు ముక్కు కొంచెం పక్కకి తిరిగి ఉందనుకోండి. చక్రాలు నేలని పట్టుకుని ఆపబోతాయి, బరువు మాత్రం తను వస్తున్న దారినే ముందుకి పోతానంటుంది. బరువు చక్రాలకి ముందుంటే ముక్కుని లాగి దారిలోకి తెస్తుంది. వెనకుంటే చక్రాల్ని దాటుకుని ముందుకి రావాలని చూస్తుంది, అంటే తోక పక్కనుంచి చుట్టు తిరిగి వస్తుంది, తిరిగేకొద్దీ ఆ తోపుకి పట్టు పెరుగుతుంది, ఒక కోణం దాటాక ఎంత బలంగా రడ్డర్ (కాళ్ళ దగ్గరి పెడల్స్‌తో కదిలే తోక మీది చుక్కాని) తొక్కినా, ఏ బ్రేకు వేసినా ఆగదు. దాన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మనుషులకి దెబ్బలు తగలడం అరుదే, కానీ బయటివైపు చక్రం కాలు వంగిపోవడం, రెక్క కొన నేలకి రాసుకోవడం, ఒక్కోసారి ప్రొపెల్లర్ నేలకి కొట్టుకోవడం జరుగుతాయి. రెండు మూడు సెకన్ల పని, బిల్లు మాత్రం నెలల తరబడి వెంటాడుతుంది.

అంటే ముందుచక్రం విమానం ముందుకి పోతున్న ట్రాలీ, తోకచక్రం విమానం రివర్స్‌లో ఉన్న ట్రాలీ, కాకపోతే గంటకి 60 కిలోమీటర్ల వేగంతో.

ఇక్కడొక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మార్పు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది దీన్ని తలకిందులుగా చెబుతారు. తోకచక్రం ఏదో ప్రత్యేకమైన కొత్త విద్య అనీ, దానికో మెళకువ ఉందనీ, అది పట్టుబడితే చాలనీ అంటారు. అది నిజం కాదు. ముక్కు సూటిగా పెట్టి దిగడం, పక్కకి జారకుండా దిగడం, సరైన వేగంతో దిగడం, దిగాక కూడా కంట్రోల్స్ వదలకపోవడం, ఇవన్నీ సెస్నాలో మొదటి పది గంటల్లోనే చెప్పిన పాఠాలు. వాటిని సగం సగం చేసినా సెస్నా ఊరుకుంది. కొంచెం వంకరగా దిగినా చక్రాలు కీచుమని తనంతట తను సూటిగా అయ్యింది, పైలట్‌కి తప్పు జరిగిందని కూడా తెలియలేదు. అలా వంద లాండింగులు అయ్యేసరికి ఆ తప్పే అలవాటయ్యింది, అలవాటయ్యింది కాబట్టి అదే పద్ధతి అనిపించింది. తోకచక్రం విమానం ఎక్కిన రోజు ఆ పాత బాకీ అంతా ఒక్కసారి అడుగుతుంది.

పాత తరానికి ఈ ఇబ్బంది లేదు. మన దేశంలో ఒకప్పుడు ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఉన్నవి టైగర్ మాత్‌లు, ఆ తర్వాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన పుష్పక్‌లు. పుష్పక్ మొదటిసారి ఎగిరింది 1958లో, రెక్క పైనుండే రెండు సీట్ల చిన్న విమానం, అదీ తోకచక్రమే. అదే సంస్థ అంతకుముందు చేసిన హెచ్‌టీ-2 శిక్షణ విమానమూ తోకచక్రమే. అప్పుడు నేర్చుకున్నవాళ్ళకి మొదటి గంట నుంచీ కాళ్ళు పనిచెయ్యాల్సిందే, కాబట్టి వాళ్ళకి అది కష్టమని విడిగా తెలియను కూడా తెలియదు. తర్వాత ముందుచక్రం విమానం ఎక్కితే ఇంత తేలికా అనుకుని ఉంటారు. కష్టం నుంచి తేలికకి మారడం ఎవరికీ సమస్య కాదు. ఇప్పుడు దారి అటునుంచి ఇటు ఉంది, అందుకే దీనికొక శిక్షణ, ఒక పేరు, ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఒకటి కావాల్సి వస్తున్నాయి.

అసలు చక్రం తోక దగ్గర ఎందుకు పెట్టారనేది కూడా ఆలోచించదగ్గ విషయమే. మొదట్లో రన్‌వే అనే గీత లేదు, ఒక పెద్ద మైదానం ఉండేది, ఏ వైపునుంచి గాలి వస్తే ఆ వైపుకి ముఖం పెట్టి దిగేవాళ్ళు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే రైతు చేసే పనే అది, చేట ఎత్తేముందు గాలి వాటం చూసుకుని నిలబడతాడు, గాలి మారితే తనూ తిరుగుతాడు. గాలికి ఎదురుగా దిగేవాడికి పక్కగాలి బాధ లేదు, పక్కగాలి లేకపోతే తోకచక్రంతో పెద్ద పేచీ లేదు. పైగా గరుకు నేలమీద ప్రొపెల్లర్ ఎత్తులో ఉంటుంది, ముక్కు కింద సన్నటి చక్రం గోతిలో దిగబడి విరిగే భయం లేదు, బరువూ తక్కువ. ఎప్పుడైతే సిమెంటు, తారు రన్‌వేలు వచ్చి గాలి ఎటున్నా ఈ గీత మీదే దిగాలన్న కట్టుబాటు వచ్చిందో, అప్పటినుంచి తోకచక్రం కష్టమైపోయింది. సెస్నా కంపెనీ 170 అనే తోకచక్రం విమానానికే ముందుచక్రం పెట్టి 172 అని పేరు మార్చి 1956లో అమ్మకానికి పెట్టింది, పైపర్ కంపెనీ అంతకుముందే 1951లో పేసర్‌కి ముందుచక్రం పెట్టి ట్రై-పేసర్ తెచ్చింది. కారు నడపడం వచ్చినవాడు ఎవడైనా నడపగలడన్నట్టు అమ్మారు, జనం కొన్నారు. అది మంచి మార్పే, దాన్ని తప్పుపట్టడానికేం లేదు. కాకపోతే కాళ్ళు పనిచెయ్యడం మానేసింది అక్కడినుంచే.

కాళ్ళ సంగతి వివరంగా చూడాలి. టేకాఫ్‌కి థ్రాటిల్ తెరవగానే, అంటే ఇంజన్ జోరు పెంచగానే, విమానం ఎడమకి లాగుతుంది. ప్రొపెల్లర్ విసిరే గాలి మెలితిరుగుతూ వెళ్ళి తోకని పక్కనుంచి కొట్టడం ఒక కారణం, ముక్కు ఎత్తి ఉన్నప్పుడు కిందికి వచ్చే బ్లేడు పైకి పోయే బ్లేడు కంటే ఎక్కువ లాగడం ఇంకొకటి. ఇవి సెస్నాలోనూ ఉన్నవే, కానీ అక్కడ ముక్కు చక్రం నేలని పట్టుకుని ఉంటుంది కాబట్టి అంతగా తెలియవు. కబ్‌లో వీటికి తోడు ఇంకో దెబ్బ ఉంది. వేగం అందుకోగానే స్టిక్ (కాళ్ళ మధ్య ఉండే కంట్రోల్ కర్ర) ముందుకి నెట్టి తోక లేపుతారు కదా, సరిగ్గా ఆ క్షణంలో విమానం ఎడమకి ఇంకో గుంజు గుంజుతుంది. తిరుగుతున్న బొంగరాన్ని ఒకవైపు వేలితో తోస్తే అది అటు పడకుండా పక్కకి వాలుతుంది చూడండి, తిరుగుతున్న ప్రొపెల్లర్ కూడా అదే చేస్తుంది. తోకని ఎంత విసురుగా లేపితే గుంజు అంత ఎక్కువ. కాబట్టి తోక లేపడం, కుడికాలు ఇంకాస్త నొక్కడం రెండూ ఒకే పనిలా అయిపోవాలి.

అయితే "కుడికాలు నొక్కాలి" అని బట్టీ పట్టడం ప్రమాదం. టైగర్ మాత్‌లో ఉండే జిప్సీ మేజర్ ఇంజన్ ప్రొపెల్లర్‌ని దీనికి ఎదురుదిక్కున తిప్పుతుంది, అది కుడికి లాగుతుంది, ఎడమకాలు కావాలి. కాలికి చెప్పాల్సింది ఏ పెడల్ అని కాదు, ముక్కు ఎటు కదిలితే దానికి ఎదురు తొక్కమని మాత్రమే. కదలడం మొదలుకాగానే తొక్కి, ముక్కు తిరిగి వస్తుండగానే కాలు తీసెయ్యాలి, లేకపోతే ఆ దిద్దుబాటే రెండోవైపు కొత్త తప్పవుతుంది. కొత్తవాళ్ళు చేసేది ఇదే. మొదట ఆలస్యంగా తొక్కుతారు, ఆలస్యమైంది కాబట్టి బలంగా తొక్కుతారు, అది అటు తిరిగితే ఇంకా బలంగా ఇటు తొక్కుతారు, రన్‌వే మీద పాము మెలికలు. టెన్షన్‌లో కాళ్ళు రెండూ బిగుసుకుపోయి పెడల్స్‌ని ఒకదానికొకటి ఎదురుగా తోస్తూ ఉండటం కూడా మామూలే, అప్పుడు ఏ కాలూ పనిచెయ్యదు. మడమ నేలమీద ఆనించి, కాలి ముందుభాగంతో తేలిగ్గా, చిన్న చిన్నగా, ఆగకుండా తొక్కుతూ ఉండాలి. రడ్డర్‌ని ఒక చోట పెట్టి పట్టుకోవడం అనేది తోకచక్రంలో దాదాపు లేదు.

కళ్ళు ఎక్కడ ఉన్నాయనేది కాళ్ళని శాసిస్తుంది. చేలగట్టు మీద సైకిల్ తొక్కే పిల్లాడు ముందుచక్రం వైపు చూస్తే బోదెలో పడతాడు, గట్టు చివరనున్న తాటిచెట్టుని చూస్తే నేరుగా పోతాడు. సెస్నా పైలట్ ముక్కు మీదుగా రన్‌వేని చూడటానికి అలవాటుపడ్డవాడు, కబ్‌లో కూర్చుంటే ఎదురుగా రన్‌వే కనపడనే కనపడదు. అందులో ఒంటరిగా ఎగిరేవాడు వెనక సీట్లో కూర్చోవాలి, ఎదురుగా ఖాళీగా ఉన్న ముందు సీటు, దాని అవతల అద్దం, అద్దం ముందు పెట్రోల్ టాంక్ మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన సన్నటి తీగ, లోపల బెండు మీద తేలుతూ పెట్రోల్ తగ్గేకొద్దీ కిందికి దిగుతూ ఉంటుంది, అదే ఫ్యూయల్ గేజ్. రెండు పక్కలా ఇంజన్ సిలిండర్లు బయటికి కనపడుతుంటాయి. వాటికి అటూ ఇటూ రెండు సన్నటి పచ్చిక ముక్కలు కనపడతాయి, రన్‌వే అంచులు. ఉన్న సమాచారమంతా ఆ రెండు ముక్కలే, ఎడమది సన్నబడితే ముక్కు ఎడమకి పోతోందని, కుడిది సన్నబడితే కుడికని.

అందుకని మొదటి రోజు ఎగరకముందే ఇంజన్ ఆఫ్‌లో ఉండగా ఆ సీట్లో పావుగంట ఊరికే కూర్చోవడం చాలా ఉపయోగం. నేలమీద మూడు చక్రాలు ఆనించి నిలబడ్డప్పుడు ముక్కు ఆకాశాన్ని ఎక్కడ కోస్తోంది, అంచులు ఎక్కడ కనపడుతున్నాయి అన్న బొమ్మని కళ్ళలో దింపుకోవాలి. త్రీ పాయింట్ లాండింగ్‌లో నేల తగిలే క్షణాన కనపడాల్సిన బొమ్మ సరిగ్గా అదే. ఈ పని డబ్బు ఖర్చు లేనిది, అయినా చాలామంది చెయ్యరు, ఐదారుసార్లు లేచి, చుట్టు తిరిగి దిగుతూ ఆ బొమ్మని వెతుక్కుంటారు.

దిగడంలో రెండు పద్ధతులున్నాయి. నేలకి అడుగెత్తులో విమానాన్ని పట్టుకుని, దిగనివ్వకుండా స్టిక్ వెనక్కి లాగుతూ లాగుతూ, వేగం చచ్చిపోయి ఇంక ఎగరలేని క్షణాన మూడు చక్రాలూ ఒకేసారి నేలని తాకేలా చెయ్యడం త్రీ పాయింట్. కొంచెం ఎక్కువ వేగంతో వచ్చి ముందున్న రెండు చక్రాల మీదే మెల్లగా దిగి, తాకగానే స్టిక్ కొద్దిగా ముందుకి పెట్టి వాటిని నేలకి అంటించి ఉంచి, వేగం తగ్గాక తోకని దింపడం వీల్ లాండింగ్. ఏది మంచిదన్న వాదన పైలట్లు కూర్చుంటే ఎప్పటికీ తెగదు. మొదట త్రీ పాయింటే రావాలి అనేది ఇక్కడి అభిప్రాయం, ఎందుకంటే నేలని తాకేసరికి వేగం బాగా తక్కువగా ఉంటుంది, తప్పు జరిగినా దాని దెబ్బ చిన్నది. వీల్ లాండింగ్ ఈదురుగాలి రోజున పనికొచ్చేది, ముందు చూపు బాగుంటుంది, కానీ దానికి నేల దగ్గర ఎత్తు పసిగట్టే కన్ను కావాలి, అది రావడానికి టైం పడుతుంది.

రెండింట్లోనూ సెస్నా అలవాటు ఒకటి దొంగదెబ్బ తీస్తుంది. కొంచెం వేగంగా, కొంచెం గట్టిగా దిగితే సెస్నాలో ముక్కు కిందికి వాలుతుంది, రెక్కల కోణం తగ్గి లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) పోతుంది, విమానం నేలకి అతుక్కుంటుంది. కబ్‌లో అదే గట్టిగా దిగితే చక్రాలు ఆగాయి, వాటి వెనకున్న బరువు కిందికి పోతుంది, తోక దిగుతుంది, తోక దిగితే రెక్కల కోణం పెరుగుతుంది, కోణం పెరిగితే లిఫ్ట్ పుడుతుంది, విమానం మళ్ళీ గాల్లోకి లేస్తుంది. చూసేవాళ్ళు బంతిలా ఎగిరిందంటారు, నిజానికి స్ప్రింగ్ కంటే రెక్క చేసిన పని ఎక్కువ. అలా లేచినప్పుడు కంగారుపడి స్టిక్ ముందుకి నెడితే రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిగా తగులుతుంది. చిన్నగా లేస్తే ఆ ఎత్తులోనే పట్టుకుని మళ్ళీ త్రీ పాయింట్‌కి దింపవచ్చు. పెద్దగా లేస్తే ఆలోచించకుండా థ్రాటిల్ పూర్తిగా తెరిచి వెళ్ళిపోవడమే, గో-అరౌండ్ చెయ్యడానికి సిగ్గుపడేవాడు ఈ విమానం ఎక్కకూడదు.

నేలని తాకాక మొదలయ్యే కొన్ని సెకన్లే అన్నిటికంటే గడ్డువి, దాని గురించి పుస్తకాల్లో ఉన్నదానికంటే ఎక్కువ మాట్లాడుకోవాలి. గోదావరి మీద లాంచీ రేవుకి చేరడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇంజన్ జోరులో ఉన్నంతసేపూ చుక్కాని ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రేవు దగ్గరపడి ఇంజన్ తగ్గించగానే చుక్కాని మీదుగా పోయే నీరు తగ్గి దాని పట్టు తప్పుతుంది, పడవ మాత్రం ఇంకా కదులుతూనే ఉంటుంది, అప్పుడు గెడ వెయ్యాల్సిందే. విమానం రడ్డర్ కూడా చుక్కానే, దాని మీదుగా గాలి పోయినంతసేపే పనిచేస్తుంది. నేలమీద పరిగెడుతూ వేగం తగ్గేకొద్దీ రడ్డర్ పట్టు తగ్గుతుంది, ఆ పని తోకచక్రం అందుకోవాలి, తోకచక్రం అందుకోవాలంటే దానిమీద బరువు పడాలి, బరువు పడాలంటే స్టిక్ పొట్టకి ఆనేదాకా వెనక్కి లాగి పట్టుకోవాలి. సెస్నా పైలట్ దిగగానే హమ్మయ్య అనుకుని చెయ్యి వదులుతాడు, స్టిక్ తనంతట తను ముందుకి పోతుంది, తోకచక్రం తేలిపోతుంది. రడ్డర్‌కీ పట్టు లేదు, చక్రానికీ పట్టు లేదు, ఆ సందులోనే గాలి వచ్చి తోకని పక్కకి నెడుతుంది. గ్రౌండ్ లూప్‌లు ఎక్కువగా పుట్టే చోటు అదే, లాండింగ్ బాగా అయ్యిందని పైలట్ సంతోషపడ్డ తర్వాత.

లాంచీ సరంగు ఇంకో పని కూడా చేస్తాడు, వీలైతే ప్రవాహానికి ఎదురుగా తిరిగి రేవుకి చేరుస్తాడు. ఒడ్డుతో పోలిస్తే పడవ దాదాపు ఆగినట్టుంటుంది, చుక్కాని మీద మాత్రం నీరు జోరుగా పోతూనే ఉంటుంది, పట్టు ఉంటుంది. ఎదురుగాలికి దిగే కబ్‌కి కూడా సరిగ్గా అదే లాభం, చక్రాలు ఆగే వేగానికి వచ్చినా రడ్డర్ బతికే ఉంటుంది. గాలి వెనకనుంచి వస్తే మొత్తం తిరగబడుతుంది, రడ్డర్ ముందే చచ్చిపోతుంది, నేలమీద వేగం ఇంకా మిగిలే ఉంటుంది. సెస్నాలో ఐదారు కిలోమీటర్ల వెనకగాలిని పట్టించుకోనివాడు తోకచక్రంలో దాన్ని పట్టించుకుని తీరాలి.

గాలి మాట వచ్చింది కాబట్టి మన డెల్టా గాలి గురించి. రాజమండ్రి మధురపూడి రన్‌వే దిక్కులు 05, 23, అంటే ఈశాన్యానికీ నైరుతికీ వేసిన గీత. నైరుతి ఋతుపవనాల గాలీ, ఈశాన్య గాలీ రెండూ కాస్త అటూ ఇటూగా ఆ గీత వెంబడే వస్తాయి. మన తీరం కూడా దాదాపు అదే వాలులో ఉంది, సముద్రం దానికి ఆగ్నేయాన. పొద్దున్న ఆకు కదలకుండా ఉండి, ఎండెక్కాక సముద్రం వైపునుంచి లేచే గాలి అక్కడిదాకా వచ్చిన సాయంత్రం, అది ఆ రన్‌వేకి నూటికి నూరుపాళ్ళు అడ్డం. ఏటీఆర్ లాంటి ప్రయాణికుల విమానానికి అదొక లెక్క కాదు. కబ్‌కి మాత్రం పెద్ద లెక్క. కబ్ గాల్లో నిలవలేక స్టాల్ అయ్యేదే గంటకి 60 కిలోమీటర్ల దగ్గర, దిగడానికి వచ్చే వేగం 90కి కాస్త తక్కువ. 20 కిలోమీటర్ల పక్కగాలి వస్తే రన్‌వే వరస తప్పకుండా ఉండటానికి ముక్కుని గాలివైపు దాదాపు 13 డిగ్రీలు తిప్పి రావాలి. అదే గాలిలో 120 వేగంతో వచ్చే సెస్నా 172కి 10 డిగ్రీల లోపే చాలు. ఆ 13 డిగ్రీల వంకరతోనే నేలని తాకితే ఏమవుతుందో పైన చెప్పుకున్నదే.

కాబట్టి తాకకముందే ముక్కుని రడ్డర్‌తో సూటిగా తేవాలి, అలా తెచ్చినప్పుడు గాలి పక్కకి నెట్టకుండా గాలివైపు రెక్కని కిందికి వాల్చి పట్టుకోవాలి, ఆ వైపు చక్రం ముందు తాకాలి, తర్వాత తోక, ఆఖరున రెండో చక్రం. వేగం తగ్గేకొద్దీ స్టిక్‌ని గాలివైపు ఇంకా ఇంకా తోస్తూ పోవాలి, ఎందుకంటే రెక్కని వాల్చే పలకకి, అంటే ఏలరాన్‌కి కూడా పట్టు తగ్గుతూ ఉంటుంది. సెస్నాలో నేలని తాకగానే స్టీరింగ్‌ని మధ్యకి తెచ్చేసే అలవాటు ఎంతమందికి ఉందో తోకచక్రంలో మొదటి గాలిరోజున బయటపడుతుంది.

ఈ గాలిని చదవడంలో డెల్టాలో పుట్టినవాళ్ళకి ఒక చదువు ముందే ఉంది. చేపల చెరువు పైనుంచి చూస్తే ఒక గట్టు పక్కన నీరు అద్దంలా ఉంటుంది, మిగతా చెరువంతా అలలతో ఉంటుంది, ఆ అద్దంలా ఉన్న గట్టు వైపునుంచే గాలి వస్తోందని అర్థం. కొబ్బరి మట్టలు ఎటు ఒరిగాయో, ఇటుక బట్టీ పొగ ఎంత వాలుగా పోతోందో చూస్తే గాలి జోరు తెలుస్తుంది. ఇవి ఏ దేశంలో ఎగిరినా పనికొస్తాయి, చెరువులు అక్కడా ఉంటాయి. రన్‌వే పక్కన వరసగా చెట్లుంటే వాటి వెనక గాలి చచ్చిపోయి, చెట్లు అయిపోయిన చోట ఒక్కసారిగా కొడుతుంది, కొబ్బరితోట దాటి కాలవ గట్టు ఎక్కిన మోటార్‌సైకిల్ ఒక్క ఊపు ఊగుతుంది కదా, అదే.

బ్రేకుల గురించి ఒక్కమాట. ముందుచక్రంలో బ్రేకు గట్టిగా వేస్తే ముక్కు వంగుతుంది, దాని కింద చక్రం ఉంది కాబట్టి ఆగుతుంది. తోకచక్రంలో ముక్కు కింద ఉన్నది ప్రొపెల్లర్. వాన పడ్డాక మెత్తబడ్డ పచ్చిక మీద బ్రేకు కూడా అక్కర్లేదు, బురదే ఆ పని చేస్తుంది, అక్కడ స్టిక్ వెనక్కి లాగి పట్టుకుని, మెల్లగా, ఆగకుండా నడపాలి. మామూలుగా పచ్చిక తోకచక్రానికి స్నేహితుడు, చక్రాలు కాస్త పక్కకి జారనిస్తుంది, చిన్న వంకరని క్షమిస్తుంది. తారు క్షమించదు, రబ్బరుని పట్టేసుకుంటుంది. పచ్చిక మీద బాగా దిగుతున్నాననుకున్నవాడు తారు మీద మళ్ళీ ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చోవడం మంచిది.

ఎన్ని గంటలు పడుతుందనేది అందరూ అడిగే ప్రశ్న. అమెరికాలో చట్టం ఇన్ని గంటలని చెప్పదు. మామూలు గాలిలోనూ పక్కగాలిలోనూ టేకాఫ్‌లు, లాండింగులు, వీల్ లాండింగులు, గో-అరౌండ్‌లు చెయ్యగలడని ఇన్‌స్ట్రక్టర్‌కి నమ్మకం కలిగి లాగ్‌బుక్‌లో, అంటే పైలట్ ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకంలో, సంతకం పెడితే చాలు. 1991 ఏప్రిల్ 15కి ముందే తోకచక్రం విమానాన్ని పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా) నడిపినట్టు లెక్క ఉన్నవాళ్ళకి ఆ సంతకం కూడా అక్కర్లేదు. యూరప్‌లో కూడా తోకచక్రానికి మారేవాళ్ళకి విడిగా శిక్షణ ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీలు మాత్రం గంటలు లెక్కపెడతాయి. కానీ గంటల కంటే గాలి లెక్క ముఖ్యం. పది గంటలూ పొద్దున్న ఆరింటికి ఆకు కదలని వేళ చేసినవాడికంటే, ఐదు గంటలు చేసినా అందులో మూడు గంటలు పక్కగాలిలో చేసినవాడు ఎక్కువ నేర్చుకున్నట్టు. ఇన్‌స్ట్రక్టర్‌ని ఎంచుకునేటప్పుడు, గాలి ఉన్న రోజు క్లాసు రద్దు చేస్తాడా, ఆ రోజే రమ్మంటాడా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది.

ఎయిర్‌లైన్‌కి వెళ్ళబోయేవాడికి ఇదంతా ఎందుకని ఇంట్లోవాళ్ళు అడగడం న్యాయమే, గంటకింతని డబ్బు కట్టేది వాళ్ళు. ఎయిర్‌బస్సుకి తోకచక్రం లేదు, ఆ సంతకం చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. అయినా పక్కగాలిలో ఏ విమానాన్ని దింపినా ముక్కు సూటిగా తెచ్చేది ఆ కాళ్ళే. పది గంటల కబ్ తర్వాత తిరిగి సెస్నా ఎక్కినవాళ్ళు దింపే తీరు చూస్తే చాలు, చక్రాల కీచు శబ్దం తగ్గిపోతుంది, రన్‌వే మధ్యగీత సరిగ్గా రెండు చక్రాల మధ్యనే ఉంటుంది, దిగాక కూడా స్టీరింగ్ గాలివైపే ఉంటుంది.

ఇంకొకటి, పార్కింగ్. ముక్కు ఎత్తిపెట్టి నిలబడ్డ తోకచక్రం విమానం రెక్కలు నేలమీద ఉన్నప్పుడు కూడా ఎగరడానికి సిద్ధంగా ఉన్న కోణంలోనే ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమంతా ఉక్కపోసి సాయంత్రం హఠాత్తుగా మబ్బుపట్టి గాలిదుమారం లేచే ఊళ్ళలో, ఇంజన్ ఆపి టీ తాగొద్దామని వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి విమానం వెల్లకిలా పడి ఉండొచ్చు, ఖాళీ కబ్ బరువు 350 కిలోలు కూడా ఉండదు మరి. ముక్కు గాలివైపుకి తిప్పి, రెండు రెక్కల కిందా తోక దగ్గరా తాళ్ళు కట్టి, చక్రాలకి అడ్డు పెట్టి, సీటు బెల్టుని స్టిక్ చుట్టూ తిప్పి బిగించి కట్టాకే అక్కడినుంచి కదలాలి.